విగ్రహానికిచ్చిన అర్జీ

గోవర్ధన్ సార్ మాట్లాడటం మొదలుపెడితే నెత్తిమీద విమానం కూడా కాసేపు ఆగి వింటుందని ఊళ్లో ఎగతాళి. శంషాబాద్ అవతలి ఆ ఊరి హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాడు. రాజ్యాంగ రచన పాఠం వచ్చిందంటే ఆయనకు పూనకమే. పుస్తకంలో అది రెండు పేజీలు, సార్ చెప్పేది రెండు వారాలు.

ఈసారి ఆ పాఠం బడి గేటు దాటి చౌరస్తాకు వచ్చింది. రింగు రోడ్డు నుంచి విమానాశ్రయం వెనకవైపుకు కొత్త రోడ్డు వేస్తామని నోటీసు పడింది. పదకొండు కుటుంబాల భూమి పోతుంది. అభ్యంతరాలు చెప్పుకోవడానికి అరవై రోజుల గడువు. అందులో యాభై రోజులు ముచ్చట్లకే సరిపోయాయి. అప్పుడు సార్ ఒక ఉపాయం చెప్పాడు. భూసేకరణ ఆఫీసులో అర్జీలు ఎలాగూ సోమవారం ఇస్తాం. అంతకుముందు శనివారం చౌరస్తాలో అంబేద్కర్ విగ్రహానికి వినతిపత్రం ఇద్దాం, పేపరోళ్లను పిలుద్దాం. సమ్మెకు దిగినవాళ్లందరూ చేసేదే అది. విగ్రహానికిచ్చే కాగితం ఉత్త జిరాక్సనీ, కావలసింది ఫోటో మాత్రమేననీ అందరికీ తెలుసు. అందరికీ తెలుసని సార్ అనుకున్నాడు.

శివమ్మకు తెలియదు. ఎకరం భూమిలో పాలకూర, తోటకూర పండించి, పొద్దున్నే మైలార్‌దేవ్‌పల్లికి గంప మోసుకుపోయి అమ్ముకునే మనిషి. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కగానొక్క కొడుకు పాండు పదో తరగతిలో ఉండగా డెంగీతో పోయాడు. అది జరిగి పదకొండేళ్లు. పెళ్లికాని పిల్లవాడని దహనం చేయకుండా సొంత చెలకలోనే, గట్టు పక్కన పూడ్చారు. శివమ్మ అక్కడ చిన్న గద్దె కట్టించింది. కలుపు తీస్తూ తీస్తూ గద్దెతో మాట్లాడుతుంది. కొత్త రోడ్డు గీత సరిగ్గా ఆ గద్దె మీదుగా పోతోంది. భూమికి ఎంతిస్తారో ఆమె ఎవరినీ అడగలేదు. పదడుగులు పక్కకు జరపమనడమే ఆమె కోరిక.

శనివారం పేపరోళ్లు వచ్చారు. జనం పోగయ్యారు. సార్ విగ్రహం దిమ్మె ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"రాజ్యాంగం ముసాయిదా రాయనీకి ఏడుగురిని పెట్టిన్రు. ఒకాయన రాజీనామా చేసిండు, ఒకాయన కాలం చేసిండు, ఒకాయన అమెరికాల ఉండె, ఒకరిద్దరికి పానం మంచిగ లేకపాయె. ఆఖరికి బరువంత ఈయన మీదనే పడ్డది. ఈయనకు మాత్రం పానం మంచిగున్నదా? షుగరు, కాళ్ల నొప్పులు. అయినా ఇడిసిపెట్టలె. నీ హక్కు పోతే సక్కగ సుప్రీంకోర్టుకే పోవచ్చని ఒక మాట రాసిపెట్టిన్రు. రాజ్యాంగానికి గుండె, ఆత్మ అదేనని ఈయనే అన్నడు!"

చప్పట్లు మోగాయి. చప్పట్లు విన్న నోరు ఊరుకుంటుందా? సార్ ఇంకో మాట కలిపాడు.

"అందుకే చెప్తున్న. ఈయన చేతిల పెడితే సుప్రీంకోర్టుల పెట్టినట్టే!"

ఒక్కొక్కరే వచ్చి విగ్రహం పాదాల దగ్గర కాగితాలు పెట్టారు. శివమ్మ ఒక ఖాకీ కవరు పెట్టి, రెండు చేతులతో మొక్కి వెళ్లింది.

సోమవారం పొద్దున సార్ చూస్తే చౌరస్తా నిండా కాగితాలు. ఆ మహానుభావుడి కాళ్ల దగ్గర చెత్తేమిటని ఆయన మనసు చివుక్కుమంది. తానే అన్నీ ఏరాడు, కవరుతో సహా. బడిలో మధ్యాహ్న భోజనం వండే లచ్చమ్మకు ఇచ్చి, పొయ్యి అంటించుకోమన్నాడు. ఆ తర్వాత రెండు ఆటోల్లో వచ్చినవాళ్లను ఎక్కించుకుని ఆఫీసుకు వెళ్లి, అర్జీలిచ్చి, రసీదులు తీసుకుని వచ్చాడు. హాజరు పిలవనిదే పాఠం మొదలుపెట్టని మనిషి, ఆ రోజు ఆటో ఎక్కినవాళ్లను లెక్కపెట్టుకోలేదు.

రెండు నెలలకు విచారణ ముగిసి, జాబితా వార్డు ఆఫీసు గోడకెక్కింది. ఆటోలో వెళ్లి అర్జీ ఇచ్చిన దశరథం బోరు దగ్గర రోడ్డు పదిహేనడుగులు పక్కకు జరిగింది. శివమ్మ భూమి నంబరు ఎదురుగా అభ్యంతరాలు ఏవీ రాలేదని రాసి ఉంది.

ఆ సాయంత్రం ఆమె బడి వరండాలోకి వచ్చింది.

"సారూ, నా కాయితం అందరికంటే ముందుగాల్ల ఇచ్చిన గద. రాలేదని ఎట్ల రాసిన్రు?"

"ఎవరికిచ్చినవ్ అక్కా?"

"ఆయనకే. మా తమ్ముని బిడ్డ కళ్యాణితోని రాయించి, ఏలుముద్ర ఏసి, కవర్ల వెట్టి ఇచ్చిన. ఆయన చేతిల పెడితే కోర్టుల పెట్టినట్టే అని నువ్వే అంటివి. ఇగ ఆఫీసుకు ఎందుకని ఆటో ఎక్కలె. గంత పెద్దాయనకిచ్చి, మళ్ల ఇంకోల్లకిస్తే ఆయనను నమ్మనట్టు గాదా?"

సార్‌కు లచ్చమ్మ పొయ్యి కళ్లముందు మెదిలింది. ఆ సంగతి దాచిపెట్టి, "చూస్త అక్కా, నేను మాట్లాడ్త" అన్నాడు.

మాట్లాడటానికి వెళ్లాడు కూడా. ఆఫీసులో ఉన్నాయన నెమ్మదస్తుడు, గుంటూరు వైపు మనిషి. "గడువు దాటిపోయిందండీ. అప్పుడే ఇచ్చి ఉంటే పదడుగులకు ఎవరు కాదంటారు?" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది సార్‌కు. సిటీలో ఒక వకీలును పట్టుకున్నాడు. కాగితాలు కదిలేలోపే చెలకలోకి మిషన్లు వచ్చే తేదీ వచ్చేసింది.

ముందురోజు పొద్దున శివమ్మ తమ్ముడు బిక్షం గద్దె పగలగొట్టి తవ్వాడు. దొరికిన నాలుగు ఎముకలను కొత్త తెల్లబట్టలో మూటగట్టాడు. ఊరి బొందలగడ్డలో మళ్లీ పూడ్చాలి. శివమ్మ ఏడవలేదు. మూటను ఒళ్లో పెట్టుకుని గట్టుమీద కూర్చుంది. సార్ ఎదుట నిలబడ్డాడు, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా.

"పోనీ సారూ, నువ్వు శానా తిరిగినవ్" అంది శివమ్మ. "ఒక్క పని జేసిపెట్టు. ఆ కవర్ల పాండు ఫోటో వెట్టిన, ఎవరి కోసం అడుగుతున్ననో ఆయనకు ఎర్కగావాలె అని. పదో తరగతి పరీక్షకు దిగిన ఫోటో. అదొక్కటే ఉండె. అదన్న జర ఇప్పియ్యి."

ఇక దాచి లాభం లేదు. సార్ అంతా చెప్పాడు. కాగితాలు తానే ఏరానని, చూడకుండానే ఇచ్చానని, పొయ్యిలో కాలిపోయాయని. చెబుతూ చెబుతూ మట్టిలో కూలబడ్డాడు. "నన్ను తిట్టు అక్కా" అన్నాడు.

శివమ్మ తిట్టలేదు. మూట మీద చెయ్యి ఆడించింది. తర్వాత ఆయనవైపు తిరిగింది.

"వాని మొఖం నాకు ఈ నడుమ మసకబడ్తున్నది సారూ. ఫోటో సూస్తెనే యాదికొస్తుండె. నువ్వు ఐదేండ్లు వానికి సదువు చెప్పినవ్. నీకు అన్ని యాదికుంటయ్ గద. వాడు ఎట్లుండెనో జర చెప్పు."

సార్ కళ్లు మూసుకున్నాడు. పాండు. ఏ బెంచీ? పొడుగా, పొట్టా? ఏడుగురు సభ్యుల పేర్లు వరసగా వచ్చాయి. ఎవరు ఏ తేదీన ఏం మాట్లాడారో వచ్చింది. ఆ పిల్లవాడి ముఖం మాత్రం రాలేదు. ఎంత వెతికినా రాలేదు.

శివమ్మ ఆయన నోటివైపే చూస్తూ కూర్చుంది.