గండికి వీపు తిప్పిన పడవలు

"తిరిగొస్తుంటే ఇంజను ఆగింది. గండిలో ఉన్నా," అన్నాడు మరిది రేడియోలో.

అత్తగారికి "బండిలో ఉన్నా" అని వినిపించింది. "బండెక్కేశాడట. టీ పెట్టెయ్యవే," అని కాళ్లు చాపుకుంది.

"బండి కాదత్తయ్యా, గండి," అంది వదిన. చాపిన కాళ్లు ముడుచుకున్నాయి.

పగడపు దిబ్బ ఆ దీవికి చుట్టూ దడి కట్టినట్టుంటుంది. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య మడుగు. లోపలికైనా బయటికైనా పడవ పోయేది ఒక్క గండిలోంచే. ఆ గండికి గుడి తీసేసి సున్నా పెడితే గండమే.

"కంగారెందుకు వదినా? రెండింటి నుంచి పోటని బోర్డు మీద రాసింది నువ్వేగా. నీళ్లే మోసుకొచ్చి నీ గుమ్మంలో దింపుతాయి."

రాసిన మాట నిజమే. పడవల షెడ్డులో ఆటుపోట్ల బోర్డు ఆవిడదే. పోటన్నాక ఎక్కడో ఒకచోట పొడుస్తుందని సుద్దముక్క పట్టుకున్నప్పుడు తట్టలేదు.

కిటికీలోంచి చూసింది. మడుగులో తాళ్లకు కట్టిన పడవలు ఆరు. నీరు ఎటునుంచి వస్తే కట్టిన పడవ అటు ముక్కు పెడుతుంది. పోటువేళ అన్నీ గండికేసి చూడాలి. ఇప్పుడు ఆరూ అలిగిన చుట్టాల్లా గండికి వీపు తిప్పి నిలబడ్డాయి. ఎక్కడో రేగిన తుఫాను అలలు నిన్నటి నుంచి దిబ్బ మీద విరుగుతూనే ఉన్నాయి.

ఆవిడ రేడియో మీట నొక్కింది.

"లంగరు వెయ్యి."

"వేశా. తాడు చాల్లేదు, అడుగు అందట్లేదు." గొంతులో నవ్వు పోయింది. "ఇదేంటి వదినా, ఒడ్డు దూరమైపోతోంది."

"తెడ్డు తియ్యి. ఒడ్డుకేసి కొట్టావంటే ఓడిపోతావు. పక్కకి, నురుగు వైపు కొట్టు."

"ఆ తెల్లనీళ్లలోకా? పడవ తుక్కవుతుంది."

"అయితే అవనీ. నువ్వున్నచోట నున్నగా ఉందే, అదే నిన్ను మింగేది. అక్కడైతే అల లోపలికి విసురుతుంది."

రేడియో గరగరలాడి ఊరుకుంది.

నురుగు అంచున పడవ నల్లటి చుక్కలా లేచింది. మరో అల వచ్చింది. చుక్క లేదు. వదిన చేతిని అత్తగారు వదల్లేదు.

మడుగులోకి ముందు పలకలు కొట్టుకొచ్చాయి. తర్వాత తెడ్డు. చాలాసేపటికి, నడుంలోతు నీళ్లలో తూలుతూ, పగడం చీరేసిన ఒళ్లుతో మరిది.

ఒడ్డున చేరిన పడవవాళ్లందరూ ఒక్కటే అడిగారు: పోటువేళ గండి బయటికెలా లాగింది?

"పోటు నిజమే, తప్పు నాది," అంది వదిన. "గడియారం చూసి రాశాను, దిబ్బకేసి చూడలేదు. పెద్ద అలలు దిబ్బ దూకి నీళ్లు పోస్తున్నాయి. మడుగు బయటి సముద్రం కంటే ఎత్తయింది. దూకొచ్చిన నీళ్లు ఎదురు దూకలేవుగా, గుమ్మం వెతుక్కుంటాయి. మనకున్న గుమ్మం అదొక్కటే. ఈ అలలు తగ్గేదాకా పోటైనా ఆటైనా అది బయటికే లాగుతుంది. నున్నగా ఉంది కదాని పిల్లల్ని అటు ఈతకి పంపకండి."