హాస్కెట్ ముడి

రెండో దెబ్బకు చేప కదలడం మానింది. డెల్మర్ దుడ్డుకర్రను నీళ్ళలో జాడించి పక్కన పెట్టాడు. తోక వైపు నుంచి గొంతు దాకా పొట్ట చీల్చి, పేగులు వేలితో లాగి నదిలోకి విసిరాడు. గట్టున కాచుకుని ఉన్న బొంతకాకులు అవి మునిగేలోపే వాటి మీద పడి కొట్టుకున్నాయి.

రేవులో చేపలు కోసే బల్ల మీద ఇంకొక స్టీల్‌హెడ్ చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. పొద్దున డెల్మర్ పడవలో వచ్చిన పట్నం వాళ్ళిద్దరూ వాన కోట్లలో నిలబడి, తాము పట్టిన చేపను తామే చూడలేక, ఫ్లాస్కు మూతల్లోని కాఫీలోకి చూసుకుంటున్నారు. డెల్మర్ దాన్ని కూడా కొట్టాడు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి. తెడ్లు లాగి లాగి భుజాలు ముందుకు కూలిపోయాయి. వేళ్ళు పూర్తిగా చాచినా తిన్నగా రావు. నిద్రలో కూడా తెడ్డు పట్టుకున్నట్టే వంగి ఉంటాయి. ఎడమ చెవి వినపడదు. మీసం మొలవక ముందే ముసలి హాస్కెట్ దగ్గర పనికి కుదిరాడు. ముసలాయన పోయాక కొడుకు రాయిస్ దగ్గర అదే పని, అవే పడవలు. మెకెంజీ నది మీద అతను పడవ ఆపని మడుగు లేదు. అయినా ఏ ఒక్క రోజూ అతను కూర్చున్న పడవ అతనిది కాదు.

ట్రక్కు తలుపు దభాలున పడింది. రాయిస్ దిగాడు. ఎర్రటి మనిషి, నలభై దాటలేదు.

"పడవలో ఆ నీళ్ళేమిట్రా? తోడి చావలేవా?"

"ఇది కోశాక తోడతాను."

"నా పడవ కుళ్ళిపోయాక తోడతావు. రేపు రెండు పడవలకీ జనం ఉన్నారు, తెల్లారకముందే వచ్చి చావు."

"రేపట్నించి రాను."

రాయిస్ నవ్వాడు. "రాక ఎక్కడికి పోతావు? చర్చిలో గంట కొడతావా?"

"టోర్విక్ దగ్గర సొంత పడవ తీసుకుంటున్నా. ఇవాళే."

డెల్మర్ కుడిచెయ్యి బల్ల మీద, చేప పక్కన ఉంది. రాయిస్ దుడ్డుకర్ర తీసుకుని దాని మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు చేపదే అనుకున్నారు పట్నం వాళ్ళు. కర్ర రెండోసారి లేచేసరికి వాళ్ళ చేతుల్లోంచి కాఫీ ఒలికింది.

రెండో దెబ్బ పడలేదు. డెల్మర్ ఎడమచేత్తో రాయిస్ మెడ పట్టుకుని, అరుపూ కేకా లేకుండా, బస్తాను ఈడ్చినట్టు నీళ్ళ దాకా ఈడ్చాడు. పేగులు తేలుతున్న చోట మొహం బోర్లా వేసి వీపు మీద మోకాలు పెట్టాడు. రాయిస్ బూట్లు గులకరాళ్ళను తన్నాయి. బుడగలు వచ్చాయి. తన్నడం తగ్గింది. బుడగలూ తగ్గాయి.

"వదిలెయ్యండి, చచ్చిపోతాడు!" అన్నాడు పట్నం వాళ్ళలో ఒకడు.

డెల్మర్ వదిలేశాడు. ఎందుకు వదిలాడో తరువాత కూడా అతనికి తెలియలేదు. జాలి మాత్రం కాదు. బల్ల దగ్గరికి వచ్చి, మిగిలిన చేపను ఎడమచేత్తో కోసి, రెండింటినీ కాగితంలో చుట్టి పట్నం వాళ్ళకు ఇచ్చాడు. వాళ్ళు పుచ్చుకోవడానికి భయపడ్డారు.

రాయిస్ కక్కుకుంటూ లేచాడు. "పడవ కొంటాడంట, పడవ! గొడ్డలెట్టి నరుకుతా దాన్ని. కింది రేవులో కాచుకుని ఉంటా. పొయ్యిలో కట్టెలు చేస్తా."

"ముందు కొననీ," అన్నాడు డెల్మర్.

ఓపల్ అప్పుడే వచ్చింది. పడవల వాళ్ళు పై రేవులో పడవ దింపి దిగువకు పోతే, వాళ్ళ బండ్లనూ ట్రైలర్లనూ కింది రేవుకు చేర్చి పెట్టడం ఆమె పని. అరవై దాటిన మనిషి. మొగుడు పోయాక ఈ నది మీద అందరి బండ్ల తాళాలూ ఆమె జేబులోనే ఉంటాయి. డెల్మర్ ట్రక్కు వెనక అతని ఖాళీ ట్రైలర్ తగిలించుకుని తెచ్చింది.

"ఏవయ్యా డెల్మరూ, చేతికేమైంది?"

"తలుపులో పడింది."

"ఆ తలుపు పేరు రాయిసా?" అని, సీటు కిందనుంచి నల్ల టేపు తీసి విరిగిన రెండు వేళ్ళనూ కలిపి చుట్టింది. "డాక్టరు దగ్గరికి పోదాం పద."

"టోర్విక్ ఎదురుచూస్తుంటాడు."

"పడవ మీద ఇంత ఇది ఉన్నోడివి, పెళ్ళాం మీద ఉంటే లియోనా పోయేది కాదుగా."

లియోనాను అతను ఒక్కసారే కొట్టాడు. హాస్కెట్ల మీద ఎప్పుడూ లేవని చెయ్యి ఆ సాయంత్రం వంటింట్లో లేచింది. ఆమె మొహం కడుక్కుని, పెట్టె సర్దుకుని, బస్సు ఎక్కింది. బస్సు ఆగేచోట వాన పడుతోంది. అతను ట్రక్కులోనే కూర్చుని చూశాడు.

టోర్విక్ ముసలాయన షెడ్డు నది ఒడ్డునే. లోపల రంపపు పొట్టు వాసన, వార్నిష్ వాసన. మా నది పడవలన్నీ ఒకే తీరు: అడుగు చదును, రెండు కొనలూ ఊగే కుర్చీ కాళ్ళలా పైకి వంగి ఉంటాయి. నడిపేవాడు దిగువకు మొహం పెట్టి కూర్చుంటాడు. ఏ బండను చూస్తే గుండె జారుతుందో దానికేసే చూస్తూ, దాన్నుంచి వెనక్కి లాగుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఒడ్డున రెండు పడవలు ఉన్నాయి. ఒకటి అల్యూమినియం రేకుది, ఒకటి చెక్కది.

"అబ్బాయ్, చూసుకో," అన్నాడు టోర్విక్. యాభై ఎనిమిదేళ్ళవాడు ఆయనకు అబ్బాయే. "ఇది రేకు. నీళ్ళలో పడేసి పదేళ్ళు దాని మొహం చూడక్కర్లేదు. ఇది చెక్క. నా చేతుల్లో ఇదే ఆఖరుది. ఏటేటా గీకాలి, నూనె పట్టించాలి, మంచు పడితే లోపల పడుకోబెట్టాలి. కానీ మాట వింటది."

"బండ తగిల్తే?"

"రేకు బండకి అతుక్కుంటది. చెక్క పగుల్తది. ఎట్టా చావాలో నీ ఇష్టం." నవ్వబోయి దగ్గాడు.

డెల్మర్ ముందు రేకు పడవ ఎక్కాడు. షెడ్డు ముందర నీరు వెనక్కి తిరిగే పెద్ద సుడి ఉంది. దాని అంచు దాకా దిగి, ఉరవడిలో కొంచెం జారి, మళ్ళీ వెనక్కి లాక్కొచ్చాడు. పడవ గట్టిది. కానీ ప్రతి అల అడుగున చెంపదెబ్బలా మోగింది. వినపడే ఒక్క చెవిలోకీ ఆ చప్పుడే. రేకు చలి బూట్లలోంచి మోకాళ్ళకెక్కింది. వెనక్కి లాగిన ప్రతిసారీ విరిగిన వేళ్ళు మోచేతి దాకా మండాయి.

ఒడ్డుకు వచ్చాక టోర్విక్ పడవలోకి వంగి చూశాడు. లంగరు వెనక కొన మీద కప్పీకి వేలాడుతూ ఉంటుంది. దాని తాడు నడిపేవాడి పక్కకు వచ్చి, అక్కడ బిగింపులో ఆగి, మిగిలింది కాళ్ళ దగ్గర చుట్టగా పడి ఉంటుంది. ఆ చుట్ట చివర సీటు కింది కడియానికి ముడేసి ఉంది.

"ఈ ముడి నేనెయ్యలేదే."

"నేనూ వెయ్యలేదు," అన్నాడు డెల్మర్.

"అయితే నది వేసిందా?"

డెల్మర్ ముడిని చూశాడు. తన ఎడమచెయ్యి చూసుకున్నాడు. మొహంలోకి రక్తం ఎక్కింది.

మా నదిలో లంగరు తాడు చివర ఎవడూ ముడి వెయ్యడు. లంగరు వడిలో బండల మధ్య ఇరుక్కుంటే పడవ వెనక కొన నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు చెయ్యాల్సింది ఒకటే, తాడు వదిలెయ్యడం. మొత్తం జారిపోవాలి. లంగరు పోతుంది, మనిషి మిగులుతాడు. పద్దెనిమిదేళ్ళ డెల్మర్ అదే చేశాడు. వరద నీళ్ళలో ఇద్దరు మనుషుల్ని ప్రాణాలతో ఒడ్డుకు తెచ్చాడు. ముసలి హాస్కెట్ వాళ్ళతో నవ్వుతూ మాట్లాడి పంపించి, తరువాత లంగరు ఏదిరా అని అడిగి, తెడ్డు తీసుకున్నాడు. చెవిలోంచి రక్తం వచ్చేదాకా కొట్టాడు. మర్నాడు తానే తాడు చివర కడియానికి ముడేసి, "లంగరు లేకుండా వస్తే నువ్వూ రాకు," అన్నాడు. అప్పటి నుంచి హాస్కెట్ పడవలన్నిటికీ ఆ ముడి ఉంది. మిగతా పడవల గైడ్లు రేవులో దాన్ని చూసి నవ్వుతారు. మొదట్లో డెల్మర్ భయంతో వేసేవాడు. ఎప్పుడో భయం పోయింది, ముడి మిగిలింది.

"విప్పు," అన్నాడు టోర్విక్. "ఇప్పుడు నువ్వు ఎవడికీ జవాబు చెప్పక్కర్లేదు. లంగరు పోతే ఇంకోటి పోత పోయించుకుంటావ్."

డెల్మర్ విప్పాడు.

తరువాత చెక్క పడవ ఎక్కాడు. సుడి అంచున తెడ్లు ఒక్కసారి లాగాడు, అంతే, నీళ్ళ మీద ఆగింది. ఉరవడి కింద నుంచి పోతూ ఉంది, పడవ మాత్రం నిలబడి ఉంది. మళ్ళీ లాగాడు. పక్కకు జరిగింది. విరిగిన చేతికి బరువు తెలియలేదు. అడుగున నీళ్ళ చప్పుడు చాలా మెల్లగా, ఎవరో పక్క గదిలో మాట్లాడుకుంటున్నట్టు ఉంది. అతను ఒడ్డుకు రావడం మర్చిపోయాడు. ఓపల్ ట్రక్కు హారన్ కొట్టింది.

"ఇదే," అన్నాడు వచ్చాక.

"ఇంకోసారి రేకుది చూడవా?"

"ఇదే."

"అయితే ట్రైలర్ మీదికెక్కిద్దాం. ఆ చేత్తో నదిలో వద్దు," అంది ఓపల్.

"కొత్త పడవని చక్రాల మీద ఇంటికి తీసుకుపోతారా ఎవరైనా?"

మా దగ్గర ఎవరూ తీసుకుపోరు. మొదటి ప్రయాణం నీళ్ళ మీదే.

"కింది రేవులో ఆ వెధవ ఉంటాడు మరి."

"ఉండనీ. నువ్వు ట్రైలర్ దింపి ఉంచు."

టోర్విక్ ముందు కొన తాడు విప్పడానికి వంగాడు. ఓపల్ ట్రక్కు ఎక్కుతోంది. డెల్మర్ సీటు మీద సర్దుకుని, టేపు చుట్టిన చేత్తో ఒక తెడ్డు అందుకున్నాడు. అతని కళ్ళు దిగువకే చూస్తున్నాయి. ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి లంగరు తాడు చివర వెతుక్కుని, సీటు కింద కడియం వెతుక్కుని, తన పని తాను చేసుకుపోయింది.

వాన తగ్గింది. గట్టు పొడుగునా మేపుల్ ఆకులు పసుప్పచ్చగా రాలి, పడవతో పాటు కొట్టుకొచ్చాయి. చేపల గద్ద ఒకటి పైనుంచి రాయిలా పడి, ఉట్టి కాళ్ళతో లేచింది. డెల్మర్ దారి పొడుగునా ఏ బండ దగ్గర ఎంత లాగాలో పడవకు చెప్పాడు. అది వింది. పొడవాటి మడుగు చివర, నీరు నల్లగా నిలిచిన చోట లంగరు దింపి, జేబులోంచి రొట్టె తీశాడు. ఎవరికీ గాలం కట్టి ఇవ్వక్కర్లేదు. ఎవరూ పక్కనుంచి తిట్టడం లేదు. రొట్టె తిని, పడవ అంచు చెక్కను అరచేత్తో రాశాడు. ఒక చోట వార్నిష్ కింద టోర్విక్ బ్రష్షు వెంట్రుక అంటుకుని ఉంది. దాన్ని గోటితో గీకబోయి, ఉండనిచ్చాడు.

మడుగు దిగితే ఉరవడి. లంగరు ఎత్తడానికి తాడు లాగాడు. రెండు చేతుల పని. కుడిచెయ్యి వాచి, టేపులోంచి వేళ్ళు నల్లగా ఉబ్బాయి. లంగరు నేల వదిలింది గానీ పైకి రాలేదు. ఇంకో పట్టు లాగేలోపు తాడు వేళ్ళలోంచి జారింది. పడవ అప్పటికే ఉరవడి మొదట్లో నున్నగా జారే నీటి నాలుక మీదికి ఎక్కింది. లంగరు అడుగున దొర్లుతూ వచ్చి, రెండు బండల మధ్య ఆగింది.

వెనక కొన దిగింది. డెల్మర్ కంగారు పడలేదు. బిగింపు తన్ని తాడు వదిలేశాడు. తాడు బుసకొడుతూ పోయింది. చుట్ట అంతా పోయింది. కడియం దగ్గర ఒక్కసారి టక్కుమంది.

అతను కిందికి చూశాడు.

ముడి నాని రాయిలా బిగిసిపోయింది. జేబులో కత్తి ఉంది. మడత తెరవడానికి కుడి బొటనవేలు రాలేదు. పళ్ళతో పట్టుకుని లాగాడు. సగం వచ్చింది. నీరు వెనకనుంచి, ఏ చప్పుడూ లేకుండా, అతని ఒళ్ళోకి ఎక్కి కూర్చుంది.

కింది రేవులో ఓపల్ ట్రైలర్‌ను చక్రాలు మునిగేదాకా వెనక్కి దింపి, తలుపు తెరుచుకుని కూర్చుంది. రాయిస్ తన ట్రక్కు ముందు గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. పెదవి చిట్లి ఉంది.

"సిగ్గుందా నీకు? మీ అయ్య వయసోడు," అంది ఓపల్.

"నన్ను చంపబోయాడు."

"నలభయ్యేళ్ళు ఆలస్యమైంది."

పడవలు ఒకటొకటిగా వచ్చాయి. కొత్త చెక్క పడవను ఎవరూ చూడలేదన్నారు. తరువాత ఒక తెడ్డు తేలుతూ వచ్చింది. వార్నిష్ మెరుస్తున్న కొత్త తెడ్డు. రాయిస్ నడుం లోతు దిగి దాన్ని పట్టుకున్నాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"టోర్విక్ తాడు చివర వదిలేసే ఇచ్చుంటాడుగా," అన్నాడు. "ముడి ఎయ్యడు ఆ ముసలోడు."

"టోర్విక్ ఎయ్యడు," అంది ఓపల్. "డెల్మర్‌కి నేర్పింది మీ అయ్య."

రాయిస్ గొడ్డలి కింద పడేసి, గట్టెంబడి ముళ్ళకంపల్లో పడి, పేరు పెట్టి అరుచుకుంటూ ఎగువకు పరిగెత్తాడు. మిగతా గైడ్లు అతని వెనక పోయారు. అరుపులు దూరమయ్యాయి. ఓపల్ ట్రక్కు ఇంజను ఆపింది. రేవులో సగం మునిగిన ఖాళీ ట్రైలర్ మీద, పడవ అడుగు ఆనాల్సిన రోలర్లను నది ఒక్కొక్కటిగా తిప్పుతోంది.