గులాబీ కాగితాలు

పొద్దున్న ఏడున్నరకే కోరిన్ కొత్త ఎపిసోడ్ కథ నలభై ప్రతులు బల్ల మీద పరుచుకుని, ఒక్కొక్కదాన్లోంచి పదకొండో పేజీ నీలం కాగితం తీసేసి గులాబీ రంగుది పెట్టడం మొదలుపెట్టింది. వాళ్ల కార్టూన్ సీరియల్‌లో అది ఆనవాయితీ. కథ మొదటిసారి తెల్ల కాగితం మీద వస్తుంది, మార్చితే నీలం, మళ్లీ మార్చితే గులాబీ. ఎవరి చేతిలో పాత పేజీ ఉన్నా రంగు చూసి పట్టేసుకోవచ్చు. నిన్న సాయంత్రం సీరియల్‌కి పెద్ద తలకాయ అయిన వెండెల్ ఇంటికి వెళ్తూ వెళ్తూ పదకొండో పేజీ మార్చాడు. నీలం కాగితంలో కథలోని పిల్ల ఒక్కసారే మొరుగుతుంది. గులాబీ కాగితంలో మూడుసార్లు. పక్కనే బ్రాకెట్లో: ఇంకా గట్టిగా.

ఆ పిల్ల కోరిన్ తనే. రెండు నెలల కిందట రచయితల గదిలో ఎనిమిది మంది మగవాళ్లు ఏమీ తోచక పైకప్పు చూస్తూ కూర్చున్నారు. వాళ్లు అనే ప్రతి మాటా టైపు చెయ్యడం, వాళ్లకి భోజనాలు తెప్పించడం కోరిన్ ఉద్యోగం. నాలుగేళ్లలో మొదటిసారి ఆమె నోరు తెరిచింది. టొలీడోలో నాలుగో తరగతి చదివేటప్పుడు డాటీ అనే పిల్ల రోజూ తన రేకు టిఫిన్ డబ్బా లాక్కునేదనీ, బడి వెనక తడి గడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని కుక్కలా మొరిగితే గానీ తిరిగి ఇచ్చేది కాదనీ చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. వెండెల్ బల్ల మీద చరిచి, "దొరికిందిరా కథ!" అన్నాడు. మర్నాటి నుంచి అతనికి కాఫీ కావాలంటే కోరిన్ వైపు తిరిగి "భౌ" అనేవాడు. ఎనిమిది మందీ నవ్వేవాళ్లు. తనూ నవ్వేది. వాళ్ల నవ్వుని ఎప్పుడో ఒకప్పుడు క్షమించగలదేమో గానీ, తన నవ్వుని మాత్రం క్షమించలేకపోతోంది.

ఇంట్లో గిన్నెలు తోముతూ భర్తకి చెప్పుకుంది ఒకసారి. సోఫాలో నడుం కింద దిండు పెట్టుకుని పడుకున్న లైల్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "జోకులు రాసేవాళ్లు జోకులెయ్యక భజన చేస్తారా, కోరీ? చిన్నపిల్లలా అలుగుతావేం? నా నడుం సంగతి తెలుసుగా. వచ్చే నెల ఆపరేషన్. ఇద్దరి బీమా నీ ఉద్యోగం మీదే ఉంది." అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అందుకే ఆమెకి మరింత భయం వేసింది. చేతిలో గిన్నె ఎంతసేపు తోమిందో, అడుగున మెరుపు వచ్చేసింది.

కథలో ఆ పిల్ల ఇరవై రెండు నిమిషాల్లో ధైర్యం తెచ్చుకుంటుంది. ఇరవై తొమ్మిదో పేజీలో ఆ రౌడీ పిల్లని బురదలోకి తోసేస్తుంది, బడంతా చప్పట్లు కొడుతుంది. అసలు జరిగింది అది కాదు. కోరిన్ ఏడాది పొడుగునా మొరిగింది. వేసవి సెలవుల్లో డాటీ వాళ్లు ఊరు మారిపోయారు కాబట్టి ఆగింది, అంతే. "అసలు అలా జరగలేదండీ" అని వెండెల్‌తో అనబోయింది ఓసారి. "అసలు జరిగింది ఎవడిక్కావాలి తల్లీ? నువ్వు టైపు చెయ్యి" అన్నాడు.

పదింటికి అందరూ పొడుగు బల్ల చుట్టూ చేరారు. బొమ్మలు గీయడం మొదలుపెట్టే ముందు గొంతులిచ్చే నటులు కథంతా ఒకసారి చదువుతారు. చానల్ వాళ్లు గోడ వారగా కూర్చుని ఎక్కడ నవ్వొస్తుందో రాసుకుంటారు. ఆ పిల్ల గొంతు టెస్సాది. ఆమె కారు హైవే మీద ఇరుక్కుపోయిందని ఫోనొచ్చింది. వెండెల్ చుట్టూ చూశాడు. వద్దు, వద్దు అనుకుంటూ కోరిన్ తల వంచుకుంది.

"కోరిన్! వచ్చి చదువు. నీకీ పాత్ర కొత్తేం కాదుగా!"

బల్ల చుట్టూ నవ్వు. ఖాళీ కుర్చీ దాకా ఎలా నడిచిందో తెలియదు. పది పేజీలు గడిచాయి. పక్క కుర్చీలో రౌడీ పిల్లకి గొంతిచ్చే బెవర్లీ, అంతదాకా అందరికీ బిస్కెట్లు పంచిన మంచి మనిషి, గొంతు మార్చింది. "మోకాళ్ల మీద కూర్చో. ఊఁ, మొరుగు."

తరవాతి మాట కోరిన్‌ది. తడి గడ్డి వాసన ఎక్కణ్నుంచి వచ్చిందో వచ్చింది. మూడుసార్లు మొరగడానికి పది సెకన్లు పట్టదు. తరవాత పన్నెండో పేజీ వచ్చేస్తుంది. లైల్ నడుం, పర్సులో బీమా కార్డు, ఇరవై తొమ్మిదో పేజీలో చప్పట్లు. చప్పట్లు కూడా తనకే. ఇంకేం కావాలి? ముప్ఫయ్యేళ్ల కిందటా రోజూ ఇదే అనుకునేది. ఇవాళ్టికి మొరిగేస్తే డబ్బా వచ్చేస్తుంది కదా అని.

"మొరగాలమ్మా. అక్కడ రాసుందిగా," అన్నాడు వెండెల్. చానల్ వాళ్ల వైపు కన్ను గీటి తనే చేసి చూపించాడు. "భౌ! ఇదిగో, ఇలా. గట్టిగా."

ఆమె గులాబీ కాగితం మీంచి తలెత్తి అతని వైపు చూసింది.

"నేను మొరగను," అంది కోరిన్.

గొంతు పీలగా, తొమ్మిదేళ్ల పిల్లదిలా వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఆ తరవాత గదంతా గలగలమంది. ఆ మాట ఎక్కడుందా అని నలభై మందీ కాగితాలు తిప్పుతున్నారు. "నాదాంట్లో లేదే," అని బెవర్లీ గొణిగింది. "మాకు పాతది ఇచ్చినట్టున్నారు," అన్నాడు గోడ వారగా ఒకాయన. వెండెల్ కూడా, ఆ మాట తను రాశాడో లేదో గుర్తురాక, ముందుకీ వెనక్కీ తిరగేస్తున్నాడు.

బస్సు డ్రైవరుకి గొంతిచ్చే ముసలి మార్విన్ కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని, మర్యాదగా ఆమె వైపు వంగాడు.

"ఏమ్మా, బాగుంది ఆ మాట. గులాబీ కాగితాల్లోదేనా?"

కోరిన్ పదకొండో పేజీని బోర్లించి బల్ల మీద పెట్టింది.

"కాదండీ. అది నేనింకా టైపు చెయ్యలేదు."