మాలకొండమ్మ కోపం బరువు

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే పొద్దుటి బస్సులో కండక్టర్ రసూల్, టికెట్ చించేముందు మాలకొండమ్మ మొహం చూసేవాడు. ఆమె సీతాఫలాలో చింతపండో, ఏ కాలానికి ఏది దొరికితే అది గంపకెత్తుకుని పోయి ఆత్మకూరు బస్టాండు దగ్గర అమ్ముకునేది. మొహం మామూలుగా ఉంటే ఎక్కడైనా కూచోమనేవాడు. కోపంగా ఉంటే మాత్రం, "అక్కా, నువ్వు నడిమికొచ్చి కూచో. బండి ఒక పక్కకి ఒరగతా ఉండాది" అనేవాడు.

కోపమొస్తే మాలకొండమ్మ బరువెక్కేది. ఎంత కోపమో అంత బరువు. ఆమె అలిగి కూచునే అరుగు ఒక వైపు కుంగిపోయి, వానొస్తే అక్కడే నీళ్ళు నిలిచేవి. కొందరికి ఎండకి తలనొప్పి వస్తుంది, ఈమెకి కోపానికి బరువొస్తుంది, అంతే అనుకునేవాళ్ళు ఊళ్ళో.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలానికి చెరువు అడుగంటింది. ఇళ్ళు కట్టేవాళ్ళు లేక, బేల్దారి పని చేసే ఆమె మొగుడు మస్తానయ్య ఇంట్లోనే కూచున్నాడు. అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం అతను వచ్చి, "దేవకమ్మగారు మద్రాసుకి రమ్మన్నారు. సముద్రం చూపిస్తారంట, హోటల్లో భోజనం పెట్టిస్తారంట" అన్నాడు. దేవకమ్మ అతను ఒకప్పుడు పనిచేసిన కాంట్రాక్టరు భార్య. ఆత్మకూరు వదిలి మద్రాసులో ఇల్లు కట్టుకున్నారు వాళ్ళు.

"మనల్నెందుకు పిలిచింది?" అంది మాలకొండమ్మ.

"మంచి మనిషి. పిలిచింది."

ఆరో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న కూతురు చెంచులక్ష్మి సముద్రం పేరు వినగానే గౌను ఉతుక్కుంది. ఇక మాలకొండమ్మ ఏమీ అడగలేదు.

బస్సు దిగి రైలెక్కి మద్రాసు చేరితే, దేవకమ్మ కారు తీసుకుని స్టేషనుకే వచ్చింది. మౌంట్ రోడ్డులో పెద్ద హోటల్లో అరిటాకుల్లో భోజనం పెట్టించింది. సాంబారు, అప్పడం, రెండు రకాల స్వీట్లు. తొందరేమీ లేదు, నిదానంగా తినండి అంది. చెంచులక్ష్మి తింటుంటే దేవకమ్మ దాని చేతివేళ్ళు చూసింది. గోళ్ళు చూసింది.

"గిన్నెలు తోముతావా పాపా?"

"తోముతా."

"పొద్దున్నే లేస్తావా?"

మాలకొండమ్మ కలిపిన ముద్ద ఆకులోనే వదిలేసింది. "ఎందుకమ్మా అడగతా ఉండారు?" అంది. దేవకమ్మ నవ్వి మస్తానయ్య వైపు చూసింది. మస్తానయ్య మజ్జిగ తాగుతున్నాడు. మాలకొండమ్మ కింద కుర్చీ కిర్రుమంది. వెయిటరు ఒకసారి చూసి, లోపలికి పోయి ఇనప కుర్చీ తెచ్చి వేశాడు. స్వీటు కూడా మళ్ళీ వడ్డించాడు. ఆమె తినలేదు.

అక్కడి నుంచి బీచికి పోయారు. లైట్‌హౌస్ లిఫ్టు దగ్గర ఆపరేటరు మాలకొండమ్మని ఎగాదిగా చూసి, వచ్చీరాని తెలుగులో, "ఈ అమ్మ కోపంలో ఉంది. లిఫ్ట్ తాళదు. కింద ఉండమనండి" అన్నాడు. దేవకమ్మ చెంచులక్ష్మి చెయ్యి పట్టుకుని పైకి పోయింది. మస్తానయ్య కూడా ఎక్కబోతే మాలకొండమ్మ అతని చొక్కా పట్టుకుని బయట ఇసకలోకి లాక్కొచ్చింది.

"ఏందయ్యా సంగతి?"

అతను చెప్పులతో ఇసక గీకాడు. "పిల్ల ఇక్కడే ఉంటాది. ఇంటిపని చేస్తాది. రెండు పూట్లా అన్నం, గుడ్డలు. కుట్టుమిషను నేర్పిస్తామన్నారు. మన కొంపలో ఏముండాదే?"

"ఎప్పుడు ఒప్పుకున్నావు?"

"ఉగాదప్పుడు."

"నాతో ఎందుకు చెప్పలా?"

"చెప్తే నువ్వు బస్సెక్కేదానివా? నువ్వెక్కితే ఆ బస్సు కదిలేదా?"

మాలకొండమ్మ అతని చొక్కా వదిలేసింది. తనకి సముద్రం చూపిస్తానని చెప్పి తన చేత్తోనే పిల్లకి జడ వేయించి తీసుకొచ్చాడు. దారిపొడుగునా పిల్ల కిటికీలోంచి చూసి అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్తూ వచ్చాడు. ఆమె పాదాలు చీలమండల దాకా ఇసకలోకి దిగాయి. లిఫ్టు దిగి వస్తున్న వాళ్ళని చూసి ఒక్క అడుగు వేయబోయింది. కాలు పైకి రాలేదు. ఎంత పెనుగులాడితే అంత కోపం, ఎంత కోపమొస్తే అంత లోతు. మోకాళ్ళ దాకా దిగబడిపోయింది.

"చెంచూ, ఇట్రా" అని కేక పెట్టింది. గాలికి ఆ కేక ఎటో పోయింది.

దేవకమ్మ పిల్లని ఇసక అంచున ఆపిన కారెక్కించి తలుపు వేసింది. "అమ్మావాళ్ళు వెనక వస్తారులే" అంది.

"ఏ బండిలో వస్తారు?" అని అడిగింది చెంచులక్ష్మి.

దేవకమ్మ డ్రైవరుని పోనిమ్మంది. పిల్ల వెనక అద్దంలోంచి చూసింది. తల్లి ఇసకలో చేతులు ఆనించి పైకి లేవాలని చూస్తోంది. తండ్రి కారు వైపు చూడకుండా తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడు దానికి అర్థమైంది.

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఇంజను అరిచింది గానీ కారు కదల్లేదు. వెనక చక్రాలు ఇసకలోకి దిగబడ్డాయి. డ్రైవరు దిగి చూసి, వెనక తలుపు తీశాడు. "అమ్మగారూ, ఈ పాపని దించండి. బరువెక్కింది" అన్నాడు.

"దిగు పాపా" అంది దేవకమ్మ.

చెంచులక్ష్మి దిగలేదు. దేవకమ్మ చెయ్యి పట్టి లాగింది. డ్రైవరూ లాగాడు. దాని చిటికెన వేలు కూడా లేవలేదు.

"మా నాయన్ని రమ్మనండి" అంది పిల్ల.

మస్తానయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నన్ను ఈడ వదిలిపెట్టి పోతుండావా నాయనా?"

కారు ఇంకాస్త దిగింది.

"చెప్పు."

"పోదామనుకున్నా."

"నన్ను అడిగినావా?"

"లేదు."

"ఇంకెప్పుడూ అడక్కుండా నన్ను ఎవరికీ ఇయ్యనని చెప్పు. ఆమెకి వినపడేట్టు చెప్పు."

మస్తానయ్య దేవకమ్మ మొహం చూడలేక కారు టాపు మీద చెయ్యి పెట్టి, ఆ మాట చెప్పాడు. సరిగ్గా వినపడలేదని పిల్ల మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు. అప్పుడు దిగింది. కారు ఒక్కసారి పైకి లేచింది. "తిండి లేక చస్తార్రా మీరు" అని దేవకమ్మ అంటుండగానే డ్రైవరు తలుపు వేసి బండి పోనిచ్చాడు.

తండ్రీ కూతుళ్ళు కలిసి మాలకొండమ్మ చుట్టూ ఇసక తోడారు. ఆమె మొగుడి మొహం చూడలేదు, అతని చేతి సాయం అందుకోలేదు. కూతురి భుజం పట్టుకుని బయటికొచ్చింది. అందాల్సిన రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక కూడా మాలకొండమ్మ కోపం చాలా నాళ్ళు తగ్గలేదు. జూన్‌లో ఆత్మకూరు ఆడపిల్లల హాస్టల్లో సీటు ఉందని, అన్నం పెట్టి చదివిస్తారని రసూల్ చెప్పాడు. ఆ రాత్రి అన్నాలయ్యాక మస్తానయ్య వచ్చి కూతురి ఎదురుగా నేలమీద కూచుని, "పోతావా అమ్మా?" అని అడిగాడు.

"ఆలోచించుకుని చెప్తాలే" అంది చెంచులక్ష్మి. ఆ జవాబు కోసం తండ్రిని రెండు రోజులు తన చుట్టూ తిప్పుకుంది.