నల్లపొట్టేలు ఆట మీద తీర్పు

గొర్రెల సంతలో తిప్పేస్వామిని బురిడీ కొట్టించినవాడు కుందుర్పి చుట్టుపక్కల లేడు. పొట్టేలు నాలుగడుగులు వేస్తే చాలు, నోరు తెరిపించి పళ్లు చూడకుండానే వయసు చెప్పేస్తాడు. మనిషినీ అంతే, కూర్చునే తీరు చూసి బేరంలో ఎక్కడ దిగుతాడో లెక్కగడతాడు.

అలాంటివాడికి రాయదుర్గం కాలేజీ హాల్లో పొద్దున ఏమీ అంతుబట్టలేదు. అక్కడ చదరంగం ఆడుతున్నది కంప్యూటర్లు. పిల్లలు రాసిన ప్రోగ్రాము ఎత్తు ఆలోచించి తెరమీద చూపిస్తే, పిల్లలు దాన్ని బల్లమీద పావులతో వేస్తారు. సొంత తెలివి ఒక్క ఎత్తుకూ వాడకూడదు.

"అంటే యజమాని యంత్రం, మీరు దలాలీలు. అంతే కదా పాపా?" అని కూతురు గౌతమిని గట్టిగానే అడిగాడు. పక్కనే ఉన్న సీనియర్ లెక్చరర్ ఉమాదేవి నవ్వింది. పోటీకి తీర్పరి ఆమే.

గౌతమి ప్రోగ్రాము పేరు నల్లపొట్టేలు. చివరి ఆట బత్తలపల్లె ఐజాక్ ప్రోగ్రాముతో. గెలిస్తే కప్పు గౌతమిది, బెంగళూరు పోటీకి పోయేదీ ఆమే. సమమైతే రెండూ, పాయింట్లలో ముందున్న ఇంకో పోటీదారు ప్రతాప్‌కి పోతాయి.

నల్లపొట్టేలు కుమ్మేసింది. ఒక ఏనుగు అదనంగా చేతిలో పెట్టుకుని, ఎందుకో ముందుకు పోకుండా అటూ ఇటూ తిరగసాగింది. కాసేపటికి దారి దొరికినట్టు ఒక్క దూకు దూకి రాజును కట్టేసింది. తిప్పేస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"ఆగప్పా!" ప్రతాప్ అరిచాడు. "మేడం, నేను ఈ ఐజాక్ వెనకాలే నిలబడినా. బల్లమీద పావులు అదే వరసలో మూడుసార్లు నిలిస్తే ఆట సమం అని అడగొచ్చు కదా, అట్ల అడగమని వాని యంత్రం తెరమీద చూపించినాది. వీడు దాన్ని మూసేసి ఆడినాడు!"

ఐజాక్ దాచలేదు. "నిజమే మేడం. గౌతమక్క గెలిచే ఆట అది. ఆయక్క ప్రోగ్రాములో ఏదో తప్పుండి అది తిరుగుతాంటే, ఆ తప్పు మీద నేను సమం అడిగేదా? సిగ్గు కాదా?"

"చూసినారా, మొగోడు!" తిప్పేస్వామి వాడి వీపు తట్టాడు. "ఎదుటోడే వదులుకున్నాక మధ్యలో నీకేమి నొప్పప్పా ప్రతాపూ?"

ఉమాదేవి ఇద్దరి ఎత్తులూ మొదటినుంచి బల్లమీద మళ్లీ వేయించింది. అదే వరస మూడోసారి వచ్చేదాకా చూసింది. తర్వాత తిప్పేస్వామి వైపు తిరిగింది.

"అన్నా, సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు కదా. నీ దలాలి, నువ్వు చెప్పిన ధర పక్కనబెట్టి, కొనేటోడు మంచోడని తగ్గించి ఇచ్చేస్తే ఒప్పుకుంటావా?"

"యాడ ఒప్పుకుంటా? సొమ్ము వానిదా? ఆ తువ్వాలుతోనే వాని మెడ..." అంటూనే తిప్పేస్వామి ఆగిపోయాడు. యజమాని యంత్రం, పిల్లలు దలాలీలు అని పొద్దున తన నోటితో తానే అన్నాడు.

"ఐజాకూ, నువ్వు మంచోనివే. కానీ ఆడినది నువ్వు కాదు" అందామె. "నీ యంత్రం సమం అడిగినాది. ఆట సమం. కప్పు ప్రతాప్‌ది."

తిప్పేస్వామికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే, అలవాటు కొద్దీ, ఆమెను తూచాడు. పొద్దుటినుంచి గౌతమిని ముద్దుగా చూసిన మనిషి. ప్రతాప్ ఏమో ఆమెకు నమస్కారమైనా పెట్టని పొగరుబోతు. అయినా ముల్లు గోరంత కూడా ఒరగలేదు. ఇన్నేళ్ల సంతల్లో ఇలాంటి తూకం అతనికి ఎదురుపడలేదు.

కూతురు ఏడుస్తుందేమోనని చూశాడు. గౌతమి ఫలితం కాగితం మీద సంతకం చేసేసి, ఐజాక్‌ను పక్కకు లాగి కూర్చుంది.

"నీది సరిగ్గానే అడిగినాదిరా. తప్పు నాదాంట్లో ఉండాది. గెలిచే ఆటలో ఎందుకు తిరిగినాదో చూద్దాం రా."

తిప్పేస్వామి తీర్పరి దగ్గరికి నడిచాడు. "అమ్మా, నీ తీర్పు మా ఇంటికి చేదే. గొంతు దిగల్యా."

"తెలుసన్నా."

"మా సంతలో తగాదా లేని వారం లేదు. తీర్చే పెద్దమనుషులందరికీ ఎవుడో ఒకడు చుట్టమే. ఒకదినం నువ్వు వచ్చి తీర్పుకు కూచోవల్ల."

"మీ దలాలీలు తంతారేమో అన్నా?"

"నీ పక్కన నేనుంటా కదమ్మా" అన్నాడు తిప్పేస్వామి. "తప్పు నాదైతే మాత్రం, పొద్దున నేనన్న మాట నాకే గుర్తుచేసినట్టు, నన్నే ముందు పట్టుకో."