ఎవరు చెప్పారు?

పదకొండు బ్యాంకులు ఆమెను వద్దన్నాయి. మొహం మీద అనలేదు పాపం, చాలా మర్యాదగా అన్నాయి. "మీ ప్రతిభను ఎంతో మెచ్చుకుంటున్నాం" అని మొదలయ్యే ఉత్తరం ఎప్పుడైనా అందుకున్నవాళ్ళకి తర్వాతి వాక్యం చదవకుండానే తెలిసిపోతుంది. కంపెనీలు అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ మధ్య కూర్చుని బేరం కుదిర్చే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పనిచేయాలని డిగ్రీ మొదటి ఏడాది నుంచీ ఆమె కల. అక్కడ ఉద్యోగం కావాలంటే ముందు అక్కడే ఇంటర్న్‌గా చేసి ఉండాలట. ఇంటర్న్‌గా తీసుకోవాలంటే అంతకుముందు ఇంకో బ్యాంకులో చేసి ఉండాలట. తాళంచెవి గదిలోపల పెట్టి, బయట నిలబడ్డవాళ్ళని తలుపు తీసుకోమన్నట్టుంది ఆ మహానుభావుల వరస.

ఇంక పన్నెండో బ్యాంకు ఒక్కటే మిగిలింది. అది ఏడాది చివర్లో, ఏ కంపెనీ ఫైనాన్స్‌లోనైనా ఆర్నెల్లు చేసినవాళ్ళని కూడా ఇంటర్వ్యూకి పిలుస్తుంది, కానీ ఒక మనిషిని ఒక్కసారే. ఆ ఆర్నెల్ల కోసం వెతగ్గా వెతగ్గా ఆమెకు దొరికింది ఒక గాజుసీసాల ఫ్యాక్టరీ.

"సీసాలా!" అంది ముఖం మాడ్చుకుని.

"సీసాలైతే ఏమే? వాళ్ళకి మాత్రం లెక్కలుండవా?" అంది అమ్మ, ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి జడ వేసుకుంటూ. "ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం కంటే నయం కదా. వెళ్ళు."

వెళ్ళింది. స్నేహితులకు మాత్రం "ఫైనాన్స్‌లో చేస్తున్నా" అని చెప్పి, సీసాల సంగతి మింగేసింది.

ప్యాకింగ్ షెడ్డు పక్కనున్న ఇనుపమెట్లు ఎక్కితే ఆరు బల్లల ఆఫీసు. కింద సీసాలు బెల్టు మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ వెళ్తుంటే పైన టీకప్పులు గలగలలాడేవి. ఆ విభాగానికి పెద్ద ఒక మేడం. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు దారానికి కట్టి మెడలో వేలాడేసుకునేది. ఫ్యాక్టరీ అంతా ఆవిణ్ణి చాటుగా 'ఎవరు చెప్పారు మేడం' అనేది.

ఆ పేరు ఊరికే రాలేదు. రాబోయే పదమూడు వారాల్లో ఎంత డబ్బు వస్తుంది, ఎంత పోతుంది అని ప్రతి సోమవారం ఒక షీట్ తయారవుతుంది. అలాంటి షీట్ ఏ కంపెనీలోనైనా ఉంటుంది. ఇక్కడ మాత్రం ప్రతి అంకె పక్కనా ఇంకో కాలమ్ ఉండేది. దాని పేరు 'ఎవరు చెప్పారు'. ఆ అంకెకి పూచీ పడే మనిషి ఎవరో అందులో రాయాలి.

"ఈ వారం లారీ కిరాయిలు పెరుగుతాయి మేడం," అంది ఆమె మొదటి సోమవారం.

"ఎవరు చెప్పారు?"

"షీట్‌లో అలాగే ఉంది మేడం."

"షీట్‌కి నోరుందా? కిందికెళ్ళి కనుక్కుని రా."

అలా మొదలైంది మెట్లు దిగడం. రోజుకి ఎన్నిసార్లు దిగి ఎక్కేదో లెక్క లేదు. బ్యాంకు ఉద్యోగానికి కాళ్ళు ఇంత బలంగా ఉండాలని పుస్తకాల్లో ఎవరూ రాయలేదే అని లోలోపల తిట్టుకునేది. లారీల గుమాస్తా మొదటి రెండు వారాలు చిరాకుపడ్డాడు, మూడో వారం నుంచి కుర్చీ వేశాడు. ప్యాకింగ్ షెడ్డులో పగుళ్ళున్న సీసాలు ఏరేసే పెద్దావిడ, వేలితో సీసాని తట్టి మోత విని మంచిదో కాదో చెప్పడం నేర్పింది. మాట్లాడితే బ్యాంకు అంటుందని వాళ్ళంతా కలిసి ఆమెకు 'బ్యాంకు పిల్ల' అని పేరు పెట్టేశారు.

కొలిమి మేస్త్రీ అయితే నల్లద్దం చేతికిచ్చి మంటలోకి చూడమన్నాడు. "ఆ మూల కనపడుతోందా అమ్మా? గోడ పల్చబడిపోయింది. పదకొండో వారం దాకా లాగుతుంది. ఆ తర్వాత మాత్రం నన్నడగొద్దు. ఆర్పేసి మళ్ళీ ఇటుక పేర్చాల్సిందే."

ఆ మరమ్మతు ఖర్చు చిన్నది కాదు. వచ్చే ఏడాది అని ప్లాన్‌లో ఉన్నదాన్ని తెచ్చి ఆమె పదకొండో వారంలో వేసింది. పక్కన 'కొలిమి మేస్త్రీ' అని రాసింది.

నాలుగో నెలలో, అప్పు గడువు పొడిగించడానికి అప్పిచ్చినవాళ్ళు ఫ్యాక్టరీకి వస్తామన్నారు. వాళ్ళకి చూపించే కాగితాలు తయారుచేయమని మేడం ఆమెకే చెప్పింది. ఎగిరి గంతేసింది. బ్యాంకువాళ్ళ కాగితాలెంత నాజూగ్గా ఉంటాయో ఆమెకు తెలుసు కదా! రంగులు సరిచేసింది, గీతలు సన్నం చేసింది. 'లారీల గుమాస్తా', 'షెడ్డు పెద్దావిడ' అన్న మాటలు ఆ అందంలో మరీ ఎబ్బెట్టుగా కనిపించాయి. మొత్తం కాలమ్ తీసి పారేసింది. పనుల ఒత్తిడిలో మేడం పైపైన చూసి సరేనంది.

మీటింగులో వచ్చినవాళ్ళలో పెద్దాయన పేజీ తిప్పి ఒక అంకె మీద పెన్ను పెట్టాడు. "కొలిమి మరమ్మతు వచ్చే ఏడాదన్నారు. ఇక్కడికెలా వచ్చింది? ఇంకేమైనా దాస్తున్నారా?"

మేడం అలవాటుగా ఆ వరుస చివరికి చూసింది. అక్కడ తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. బ్యాంకు పిల్ల నోరు తెరిచి 'నేనే తీసేశాను' అనబోతుంటే మేడం చెయ్యెత్తి ఆపింది.

"ఆ అంకె ఎవరిదో ఇందులో ఉండాల్సింది. లేకపోవడం నా తప్పు. పది నిమిషాలు కూర్చోండి, ఆ మనిషినే పిలిపిస్తా," అని ఆయనతో చెప్పి, "వెళ్ళమ్మా," అంది ఆమెతో.

మేస్త్రీ మెడకి తడి తువ్వాలుతో వచ్చాడు. కుర్చీలో కూర్చోనన్నాడు. గోడ ఎంత మందం ఉండాలో, ఇప్పుడెంత ఉందో రెండు వేళ్ళతో చూపించాడు. వచ్చినాయన ఆ వేళ్ళనే చూస్తూ కూర్చుని, ఇంకో ప్రశ్న అడగలేదు. గడువు పొడిగించారు.

ఆ సాయంత్రం తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళింది ఆమె. మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ ఒకే మాట అంది. "అందంగానే చేశావు. అందం కోసం మనుషుల్ని తీసేశావు, అంతే."

తిట్టినా బాగుండును. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ కాలమ్‌ని ఒక్కో మాటా మళ్ళీ టైపు కొట్టి పెట్టింది.

పన్నెండో బ్యాంకు పిలిచింది. ముగ్గురు కూర్చున్నారు. అమ్మకానికొచ్చిన ఒక పెంకుల కంపెనీ కాగితాలిచ్చి, గంటలో విలువ కట్టమన్నారు. లాభాలు ఏటికేడూ మెట్లెక్కినట్టు పెరుగుతున్నాయి. చూడముచ్చటగా ఉంది. ఆమె లెక్క కట్టింది, కానీ ఒక అంకె దగ్గర ఆగిపోయింది.

"పెంకులు కాల్చే బట్టీలకి ఐదేళ్ళ పాటు మరమ్మతే లేదని ఉందండీ. ఎవరు చెప్పారు?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "అమ్మేవాళ్ళే," అన్నాడొకాయన నవ్వుతూ.

"బట్టీ దగ్గర పనిచేసే మనిషిని అడిగేదాకా ఈ విలువకి నేను పూచీ పడలేనండీ."

"మిగతావాళ్ళంతా రెండేసి బ్యాంకుల్లో చేసి వచ్చారు. నువ్వు సీసాల ఫ్యాక్టరీ నుంచొచ్చావు. ఏం నేర్చుకున్నావక్కడ?"

గొప్పలు చాలా సిద్ధం చేసుకుని వెళ్ళింది. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం తీసేసిన కాలమ్ సంగతి. తప్పు తనదని, మేడం తన మీద వేసుకుందని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. బయటికొచ్చి, చేజేతులా చెడగొట్టుకున్నానని బస్టాపులో కూర్చుని ఏడ్చింది.

వారం తర్వాత ఉద్యోగం వచ్చింది.

సంతకాలు పెట్టడానికి వెళ్ళినప్పుడు, కాగితాలు చూసే ఆవిడ ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసింది. "మీ ఫ్యాక్టరీ మేడంని మీ గురించి రాయమన్నాం. ఇలాంటి ఉత్తరం మాకెప్పుడూ రాలేదు. చూస్తారా?"

అది ఉత్తరం కాదు, షీట్. రెండు కాలమ్‌లు. తెలియకపోతే అడగడానికి సిగ్గుపడదు: కొలిమి మేస్త్రీ. చెప్పిన టైముకి వస్తుంది, చెప్పకుండా పోదు: లారీల గుమాస్తా. చిన్న పగులు కూడా చెవిన పడుతుంది: షెడ్డు పెద్దావిడ. తప్పు చేస్తే దాచదు: నేను.

అక్షరాలు అలుక్కుపోయాయి. మేడం ఆ వయసులో తన కోసం మెట్లు దిగి ఒక్కొక్కరినీ అడిగి వచ్చిందన్నమాట. సంతకాలు పూర్తిచేసి తిన్నగా ఫ్యాక్టరీ బస్సెక్కింది. ఇనుపమెట్లు రెండేసి ఎక్కుతూ వెళ్ళి మేడం బల్ల ముందు నిలబడింది.

"వచ్చిందా?" అంది మేడం షీట్‌లోంచి తలెత్తకుండానే.

"వచ్చింది మేడం. మీ వల్లే వచ్చింది."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాను మేడం," అంది బ్యాంకు పిల్ల. "పూచీ నాది."

మేడం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది.