జారుముడి

మూడో రోజు కాకి రాలేదు.

ఎల్లారెడ్డి ఊరి పొలిమేరలో, వాగు ఒడ్డున మోదుగు విస్తరి పరిచారు. అందులో అన్నం, మటన్ కూర, ఉడికిన గుడ్డు, పక్కన సీసాలో సగం కల్లు పెట్టారు. అందరూ ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు. చనిపోయిన రామస్వామి మనసులో కొరత ఏదీ లేకపోతే పిట్ట వచ్చి ముడుతుంది. ఉంటే ముట్టదు. కాకులు లేక కాదు. తుమ్మచెట్టు మీద ఏడెనిమిది కూచుని, మెడలు పక్కకు తిప్పి విస్తరినే చూస్తున్నాయి. దిగడం లేదు.

"కొడుకు రాలేదని అలిగిండు," అన్నాడు రామస్వామి తమ్ముడు ఎంకయ్య. తలకొరివి పెట్టింది ఆయనే. "శ్రీలతా, ఆ ఫోన్ ఇటు వట్టు బిడ్డా."

రామస్వామి కూతురు శ్రీలత ఫోన్‌ను విస్తరి వైపు తిప్పింది. తెరలో ఆమె తమ్ముడు మస్కట్‌లో పని దగ్గర, ఎర్రబడ్డ కళ్లతో ఉన్నాడు. "బాపూ, సెలవు దొరకలే. దీపావళికి వస్త. నీ మనవరాలు సంజనను మంచిగ సదివిస్త. తిను బాపూ," అన్నాడు. అంతలో సిగ్నల్ ఆగి, అతని ముఖం నోరు తెరిచినట్టే నిలిచిపోయింది.

కాకులు కదల్లేదు.

"అరే, బీడీ మర్సిపోయిన్రు గదనే!" అన్నాడు ఎంకయ్య.

"డాక్టర్ బీడీ బందు చేసిండు గదా చిన్నబాపూ."

"ఇంకేం డాక్టరే! ఇప్పుడు తాగితే ఏమైతది, మళ్లా సస్తడా?"

ఎవరో నవ్వి, నవ్వినందుకు దగ్గారు. ముట్టించిన బీడీ విస్తరి అంచున పెట్టారు. పొగ నిటారుగా లేచింది. కాకి రాలేదు.

కోడలు నిరోష అందరికన్నా వెనక నిలబడి ఉంది. ఆమె కొంగు చివర పిడికెడు కొర్రలు ముడేసి ఉన్నాయి. కాకి ఎందుకు రావడం లేదో తనకు తెలుసని ఆమె అనుకుంటోంది.

*

రామస్వామి భిక్నూర్ దగ్గరి పల్లెలో యాభై ఏళ్లు పశువులతో బతికాడు. కొట్టంలో ఏ పశువును కట్టినా జారుముడే వేసేవాడు. ఎంత లాగినా పశువుకు ఊడదు. మనిషి వేలాడే కొసను ఒక్కసారి గుంజితే చాలు, మొత్తం విడిపోతుంది. "కొట్టంల నిప్పు వడ్డనాడు ముడి ఇప్పుకుంట కూసుంటవా?" అనేవాడు.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక పశువులను అమ్మి, కామారెడ్డిలో కొడుకు కట్టుకున్న ఇంటికి వచ్చాడు. మాట ముద్దగా వచ్చేది. పొద్దుపోవడానికి శ్రీలత ఐదు లవ్‌బర్డ్స్‌ను పంజరంతో సహా తెచ్చి ఇచ్చింది. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది, రెండు పసుపువి, ఒకటి తెల్లది. పంజరం తలుపు గడియ ముసలాయన ఎడమచేతికి లొంగలేదు. దాన్ని ఊడబీకించి, సుతిల్ తాడుతో జారుముడి వేయించుకున్నాడు. పొద్దున్నే ఎడమచేత్తో కొస గుంజి, తలుపు తీసి, కొర్రలు పోసేవాడు. ఆ గుంజడంలో ఆయన ముఖం పాత రామస్వామి ముఖంలా మారేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరూ నిద్రపోతుండగా పిల్లి వచ్చింది. వేలాడే కొసకు దాని గోరు తగిలింది. లేచి చూసేసరికి వరండాలో తెల్లటి ఈకలు, గోడ మీద పిల్లి.

నిరోష భర్త మస్కట్‌లో స్లాబులకు ఇనుప రాడ్లు కట్టే పని చేస్తాడు. అతను కట్టిన కట్టును గునపంతో పొడిచినా ఊడదని పేరు. సెలవుల్లో వచ్చినప్పుడు అతను వదిలి వెళ్లిన బైండింగ్ వైరు చుట్ట, కటింగ్ ప్లేర్ అటక మీద ఉన్నాయి. నిరోష ఆ తీగను రెండు మడతలు చేసి, పంజరం తలుపుకు చుట్టి, ప్లేర్‌తో మెలితిప్పింది. ఆ రోజు నుంచి కొర్రల గిన్నెను పక్క సందులోంచి ఆమే లోపలికి తోసేది.

రామస్వామి ఎడమచేత్తో తీగను తడిమి చూశాడు.

"ఇదేంది పిల్లా? ఆపతొస్తే ఎట్ల?"

"ఆపతంటే పిల్లి గదా మామా. అది వచ్చిపాయె."

ఆయన తన కుర్చీని పంజరం కిందికి జరిపించుకున్నాడు.

*

వినాయకచవితి పొద్దున, రాత్రంతా ఆగని వాన మీద వరద వచ్చింది. మొదట వీధి మోరీ కాలువ పొంగింది. తరువాత వరండా మెట్లు కనిపించలేదు. గంట తిరక్కుండా నీళ్లు మోకాళ్లు దాటాయి. కాలనీ యువకులు తాడు కట్టుకుని వచ్చి, ముందు సంజనను భుజాల మీద ఎత్తుకుపోయారు. తరువాత రామస్వామిని ప్లాస్టిక్ కుర్చీతో సహా నలుగురు లేపారు.

"అక్కా, జల్ది! ఇంకోసారి రాలేం!"

నిరోష లోపలికి పోయి పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు, పుస్తెలతాడు ఉన్న సంచి తెచ్చింది. గేటు దగ్గర కుర్చీలోంచి ముసలాయన వెనక్కి తిరిగి, ఎడమచెయ్యి వరండా వైపు చాచి, "పిట్టలు... పిట్టలు..." అంటున్నాడు. పంజరంలో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ అరుస్తున్నాయి.

అప్పుడు నిరోష మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ బయటికి వచ్చింది. మామ పక్కన నడుములోతు నీళ్లలో నడుస్తూ, ఆయన అడగకముందే చెప్పింది:

"తలుపు తీసిన మామా. ఎగిరిపోయినయ్."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. వణికే మనిషికి దుప్పటి కప్పినట్టు కప్పింది, అంతే. కుర్చీలో చెయ్యి కిందికి దిగింది.

నీళ్లు తగ్గిన మూడో రోజు, తలదాచుకున్న శ్రీలత ఊరు ఎల్లారెడ్డి నుంచి ఆమె ఒక్కతే బస్సులో కామారెడ్డి ఇంటికి వెళ్లింది. గోడ మీద బురద గీత పంజరానికి జానెడు పైన ఉంది. నాలుగూ పైకప్పు కడ్డీల దగ్గర ఒకే మూలకు ఉన్నాయి. తీగను ప్లేర్‌తో తెంపి, వాటిని పాత చున్నీలో చుట్టి, ఎవరూ చూడకముందే జామచెట్టు మొదట్లో పాతిపెట్టింది. పంజరం కడిగి బోర్లించింది. ఎల్లారెడ్డిలో శ్రీలత ఇంటికి తిరిగి వచ్చేసరికి రామస్వామి వాకిట్లో మంచం మీద కూచుని ఉన్నాడు. ముందు ఒక పళ్లెం. పళ్లెంలో కొర్రలు.

"బాపు పొద్దటిసంది గట్లనే కూసున్నడు," అంది శ్రీలత. "పిట్టలొస్తయంట. కామారెడ్డి కెల్లి ఎల్లారెడ్డికి, బస్సెక్కి వస్తయేమో!"

"పిట్టలకు బస్సెందుకే," అన్నాడాయన.

ఆ రోజు నుంచి రోజూ అడిగేవాడు. "ముందుగల ఏది ఎగిరింది?"

"ఆకుపచ్చది మామా."

"నీలంది?"

"అది జరసేపు కడ్డీ మీద కూసుంది. మీ దిక్కు సూసింది. మళ్ల పోయింది."

ఒక్కో రోజు ఒక్కో సంగతి కలిసేది. పసుపువి రెండూ కలిసి ఎగరడం. ఆకుపచ్చది కరెంటు తీగ మీద వాలడం. చెప్పేకొద్దీ అవి నిరోషకు కనిపించసాగాయి. తలుపు తెరుచుకోవడం, వాన గీతల్లోంచి పచ్చటి చుక్క ఒకటి పైకి లేవడం. అదే సమయంలో చున్నీలో మూట బరువు కూడా చేతికి తెలిసేది. రెండూ నిజాలలాగే ఉండేవి. ఏది తలుచుకుంటే రెండోది పక్కన వచ్చి కూచునేది.

తెల్లవారుజామున కిచకిచలు వినిపించి లేచేది. లేచి చూస్తే తన బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ, ఏదో తిప్పుతూ ఉండేవి. "చేతులేంది గట్ల తిప్పుతున్నవ్?" అని మస్కట్ నుంచి భర్త వీడియో కాల్‌లో అడిగాడు. చేతులను కొంగు కింద దాచింది.

రామస్వామి ఇరవై ఆరు రోజులు ఎదురుచూశాడు. ఇరవై ఏడో రోజు పొద్దున మంచం మీద కూచున్నవాడు కూచున్నట్టే ఒరిగిపోయాడు. పళ్లెం కింద పడింది. ఆ కొర్రలనే నిరోష ఏరి కొంగున ముడేసుకుంది.

*

ఎండ ముదిరింది. ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు.

"అందరు మాటిచ్చిన్రు. కోడలొక్కతే ఉంది," అన్నాడు ఎంకయ్య. "పో బిడ్డా, నువ్వు గూడ ఏదన్న చెప్పు. నీ చేతి బువ్వ తిన్న మనిషి."

నిరోష విస్తరి దగ్గరికి నడిచింది. వంగి, కొంగు విప్పి, కొర్రలు అన్నం పక్కన పోసింది. పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది:

"మామా, అవి ఎగరలే. తలుపు తియ్యలే. తీగె ఊడలే మామా. టైం లేకుండె. నన్ను మాఫ్ చెయ్యి."

లేచి వెనక్కి నాలుగడుగులు వేసిందో లేదో, తలమీదుగా గాలి కదిలింది. కాకి విస్తరి మీద దిగింది. కొర్రలను కాలితో చెదరగొట్టి, మటన్ ముక్క ముక్కున పట్టుకుంది. వెనకే ఇంకో మూడు దిగాయి.

"ముట్టింది! ముట్టింది!"

శ్రీలత ఏడుస్తూ వచ్చి ఆమెను పట్టుకుంది. "ఏం మాటిచ్చినవే నిరోషా? మా ఎవ్వలి మాట ఇనలే, నీ మాట ఇన్నడు!"

"ఏం లేదు వదినె. తినుమన్న."

అందరూ స్నానాలకు వాగులోకి దిగారు. తేలికపడవలసిన గుండె తేలికపడలేదని నిరోషకు నీళ్లలో మునిగినప్పుడు తెలిసింది. తాను చెప్పిన మాటల్లో ఒకటి గులకరాయిలా నాలుక కింద ఇంకా ఉంది. టైం లేకుండె. ఆ మాట చెప్పాకే కాకి వచ్చింది.

*

పదకొండో రోజు అయ్యాక కూతురితో కామారెడ్డికి తిరిగి వచ్చింది. సంజనను బడికి పంపి, తలుపు వేసుకుని, బోర్లించిన పంజరాన్ని తీసి పాత కొక్కేనికి తగిలించింది. అటక మీది చుట్టలో మిగిలిన తీగ ముక్కను రెండు మడతలు చేసి, అప్పటిలాగే తలుపుకు చుట్టి ప్లేర్‌తో మెలితిప్పింది. తొమ్మిది మెలికలు. అన్నీ అప్పటివే. ఆమె చేతులకు అవి గుర్తున్నాయి.

ప్లేర్ పక్కన పెట్టి, వట్టి వేళ్లతో విప్పసాగింది. ఒకటి, రెండు అని బయటికే లెక్కపెట్టింది. తీగ గోటి కింద దిగింది. తొమ్మిదో మెలిక విడిపోయి తలుపు వేలాడినప్పుడు లెక్క ఇరవై రెండు.

తరువాత, ఎవరో చెప్పినట్టు, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతూ వరండా నుంచి లోపలి గదిలోకి నడిచింది. టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, ప్లగ్గు వెతికి, చార్జర్ ఊడబెరికి, వైరు చుట్టి, మళ్లీ వరండాలోకి వచ్చింది. నలభై ఒకటి.

వరద వచ్చిన ఆ రోజు రెండోసారి లోపలికి పోయింది చార్జర్ కోసం. మస్కట్ నుంచి ఫోన్ వస్తే ఎట్లా అని. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి పంజరం పక్క నుంచే నడిచింది. తీగ ఊడలేదని ఆమె కాకికి చెప్పింది. తీగను ఆమె ముట్టనే లేదు. నీళ్ల వాసన, అరుపులు, తన భుజం పంజరానికి తగిలి అది ఊగడం గుర్తున్నాయి. వేళ్లకు మాత్రం ఏ గుర్తూ లేదు. అందుకేనేమో, నిద్రలో అవి చేయని పని చేస్తున్నాయి.

అయితే కాకి ఏ మాటకు వచ్చింది? ఆయన ఏ మాట విన్నాడు? కడ్డీల వెనక ఖాళీలోంచి కిచకిచలు వినిపించాయి. చెవులు మూసుకుంది. అవి తగ్గలేదు.

బయట కుక్కపిల్ల ఏడుపు ఎంతసేపటి నుంచో ఉందని అప్పుడు గమనించింది.

పక్కింటి అనిల కొత్తగా పెంచుకుంటున్న కుక్కపిల్ల అది. గేటు కడ్డీకి కట్టేసి ఉంది. గొలుసు కొక్కెం విరిగినట్టుంది, దాని స్థానంలో బైండింగ్ వైరు మెలితిప్పి ఉంది. నిరోష గోడ దాటి పోయి, ఏమీ అడక్కుండా ప్లేర్‌తో ఆ తీగను తెంపింది.

"ఏందక్కా గిది!" అనిల చీపురుతోనే బయటికి వచ్చింది. "నా కుక్కతోని నీకేం పని? పొద్దున్నే ఉరికిపోతే మా ఆయన వట్టుకొచ్చి కట్టిండు. ఆ తీగె గూడ మీ ఇంటి ముంగట వడి ఉన్నదే!"

"సుతిల్ తాడుందా?"

"ఉంటే?"

"తే."

అనిల వింతగా చూస్తూ తాడు తెచ్చింది. నిరోష దాన్ని కడ్డీకి చుట్టి, ఉచ్చు వేసి, కొసను లోపలికి మడిచి బిగించింది. కుక్కపిల్ల వెనక్కి గుంజింది. ముడి ఇంకా బిగిసింది.

"నువ్వు గుంజు. గీ కొసను. ఎడమచేత్తోని."

అనిల గుంజింది. తాడు మొత్తం ఒక్కసారిగా చేతిలోకి వచ్చింది. కుక్కపిల్ల తూలి కింద పడి, లేచి ఆమె కాళ్ల మధ్యకు దూరింది. అనిల నవ్వింది. "అరే! ఎవలు నేర్పిన్రక్కా?"

"మా మామ."

"పాపం, మంచి మనిషి." అనిల కుక్కపిల్లను ఎత్తుకుంది. "మీ పిట్టలన్న బతికిపాయె. నువ్వు తలుపు తీస్తివంట గదా, వానల ఎగిరిపోయినయంట. శ్రీలతక్క చెప్పింది. ఆకుపచ్చది కరెంట్ తీగె మీద కూసుందంట?"

నిరోష వేళ్లు ఒకదానితో ఒకటి రాసుకోవడం మొదలుపెట్టాయి. వాటిని ఆపలేదు. జామచెట్టు వైపు చూసింది.

"లేదు అనిలా. నేను తియ్యలే," అంది. "టైముండె. చార్జర్ కోసం పోయిన."

అనిల నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. కుక్కపిల్లను ఇంకా దగ్గరికి హత్తుకుంది. నిరోష దాని మీద చెయ్యి వేస్తుందేమో అన్నట్టు ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఏ కాకీ రాలేదు. నిరోష తాడు అందుకుని, గేటు కడ్డీకి మళ్లీ మొదటి నుంచి ముడి వేయసాగింది.